సొరుగు పిడి కథ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పాత ఇండ్లలో ధాన్యమో, పట్టుబట్టలో, దస్తావేజులో దాచిన భోషాణములు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తాయి. అటువంటి భోషాణపు మూత ఎత్తి లోపలివైపు పరిశీలిస్తే ఒక విశేషం తెలుస్తుంది. బయట వ్రేలాడే ఇనుప కడియమును పట్టి ఉంచే కొక్కెము పలకను చీల్చుకొని లోపలికి వచ్చి, రెండు కాళ్ళుగా విడి, చెక్కపై అణగగొట్టబడి ఉంటుంది. మరమేకు ఒక్కటీ ఉండదు. మొనదేలిన మరమేకులను యంత్రముపై చేసే పద్ధతికి అమెరికాలో స్లోన్ పేటెంటు పొందినది 1846లో. అంతకుముందు మరమేకులకు మొన ఉండేది కాదు. వాటికి ముందుగా రంధ్రము తొలచవలసిందే. కమ్మరి కొలిమిలో సాగగొట్టిన కొక్కెమే చౌక, అదే గట్టి.

కడియము క్రింద పువ్వు రేకుల ఆకారములో ఒక బిళ్ళ ఉంటుంది. దానిని కేవలం అలంకారమనుకోవడం పొరపాటు. ఎత్తి వదిలినప్పుడల్లా కడియము చెక్కను కొడుతుంది; ఆ దెబ్బను బిళ్ళ కాచుకుంటుంది. అవసరము ముందు వచ్చి, అందము దాని వెంట వచ్చినది.

ఇనుము త్రుప్పు పట్టదా? పడుతుంది, కాని అన్నిచోట్లా ఒకే వేగముతో కాదు. గాలిలోని తేమ ఒక హద్దు దాటితేనే త్రుప్పు వేగం పుంజుకుంటుందని 1930వ దశకంలో ఇంగ్లండులో వెర్నన్ ప్రయోగాలు చూపినవి. సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం ఆ హద్దు. గాలిలో ఉప్పు కూడ ఉంటే నష్టము ఇంకా ఎక్కువ. ఈ మూడు ఊళ్ళు సముద్రమునకు దూరంగా, ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున, మెట్టనేలలపై ఉన్నవి. మచిలీపట్నంలో కొన్నేండ్లకే పొరలుగా రాలిపోగల ఇనుము ఇక్కడ తరాలు నిలువగలదు.

అయితే ఇనుమునకు ఇంటిలోనే ఒక శత్రువు ఉన్నది: చెక్క. తుమ్మవంటి చెక్కలలో టానిను అనే పదార్థము అధికం. తడి తగిలినప్పుడు అది ఇనుముతో కలిసి నీలినలుపు రంగునిస్తుంది. పూర్వం బడిపిల్లలు వ్రాసిన సిరాలోనిదీ ఆ రంగే. కరక్కాయలోని టానిను, అన్నభేదిలోని ఇనుము కలిస్తే సిరా అయినది. పాత పెట్టె మేకుల చుట్టూ కనిపించే నల్లని మచ్చ చెక్క తనంతట తాను తయారు చేసుకున్న సిరాయే! ఇత్తడి ఇటువంటి మచ్చ పెట్టదు.

1864లో జోలార్‌పేట నుండి బెంగుళూరుకు రైలుమార్గము కుప్పం మీదుగా ప్రారంభమైనది. మద్రాసు రేవులో దిగిన సీమసరుకు మెట్టసీమ అంచుకు చేరడం సులభమైనది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ ఆ రోజులలో ఇత్తడి సామానుకు పేరుపొందిన పట్టణము. కచేరీలలో సొరుగుల బల్లలు, అలమారలు పెరిగినవి. అలమార అన్న మాటకు మూలము పోర్చుగీసు భాషలో ఉన్నది. వస్తువు, మాట జంటగా ప్రయాణం చేసినవన్నమాట. పెట్టెకు పైనుండి ఎత్తే కడియము చాలు. సొరుగును మాత్రము ముందుకు లాగవలెను. కనుక గుబ్బ, వంపుపిడి అవసరమైనవి.

ఇచ్చట ఇత్తడి బలహీనత ఒకటి చెప్పుకోవలెను. 19వ శతాబ్దంలో ఇండియాలోని బ్రిటిషు సైన్యం ఇత్తడి తూటాల గొట్టాలను గుర్రపుశాలల దగ్గర నిల్వ చేస్తే, వానకాలము గడిచేసరికి అవి పగుళ్ళు తీసేవి. కారణము 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే శాస్త్రజ్ఞులు వివరించినారు. మూత్రము నుండి వెలువడే అమ్మోనియా, సాగదీసిన ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి, ఈ రెండూ కలిస్తేనే పగులు పుడుతుంది. పొట్టి పశువులకు ప్రసిద్ధికెక్కిన పుంగనూరు సీమలో కొట్టము ఇంటికి ఆనుకొని ఉండటం వింత కాదు. అటువంటి ఇంటికి పలుచని రేకును అచ్చులో నొక్కి చేసిన పిడి కంటె కంచరి పోతపోసిన పిడి మేలు. పోతలో ఆ ఒత్తిడి చాల తక్కువ. బరువైన పాత పిడిని మోటు అని తీసివేసి, నాజూకైన రేకుపిడి బిగించేవారు ఈ సంగతి గమనించరు.

ఇత్తడికి ఇంకొక గుణము కలదు. 1983లో అమెరికాలో ఫిలిస్ కూన్ ఒక ఆసుపత్రి తలుపు పిడుల సందర్భంలో ఇత్తడిని, తుప్పుపట్టని ఉక్కును పోల్చి చూచినది. ఉక్కుపై బాక్టీరియా హాయిగా బ్రతికినవి. ఇత్తడిపై కొద్ది గంటల్లోనే చచ్చినవి. రాగి అయానుల ప్రభావమే దీనికి కారణం. మెరుపు పోకుండా వార్నిషు పూస్తే మాత్రం ఈ లాభము పోతుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ చికిత్సాలయం ప్రారంభమైనది కదా, అక్కడ ఇత్తడి పిడులుంటే వ్యాధి ఆగేదా అని విద్యార్థి అడుగవచ్చును. ఆగదు. క్షయ ముఖ్యముగా గాలి ద్వారా వ్యాపిస్తుంది.

నేడు అంగడిలో బంగారు రంగున మెరిసేదంతా ఇత్తడి కాదు. తుత్తునాగపు మిశ్రలోహమును అచ్చులో పోసి పైన పూత వేసినవి ఎక్కువ. పూత లేచినచోట లోపలి బూడిదరంగు బయటపడుతుంది. అయస్కాంతము అంటుకుంటే అది పూత వేసిన ఇనుము. అంటుకోకపోతే ఆర్కిమిడీసు పద్ధతి ఉన్నది. పిడి నుండి మరమేకును తీసివేసి, త్రాసులో తూచి, కొలజాడీలోని నీటిలో ముంచి, నీరు ఎన్ని ఘనసెంటీమీటర్లు పైకి లేచినదో చూడవలెను. బరువును దానితో భాగిస్తే 8.5 దగ్గర వస్తే ఇత్తడి, 6.7 దగ్గర వస్తే తుత్తునాగపు మిశ్రలోహము, 2.7 అయితే అల్యూమినియం. పిడి లోపల బోలుగా ఉండి నీరు చొరకపోతే లెక్క తప్పుతుంది. కనుక తరగతిలో ముందుగా నిండుపోత గుబ్బతో మొదలుపెట్టడం మంచిది.