పెళ్ళి తేదీకి ముందు

రాజమండ్రిలో అద్దె ఇల్లు దొరకడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఇళ్ళు లేక కాదు. "మీవారు ఎప్పుడొస్తారండీ?" అనే ప్రశ్నకు ఇంటివాళ్ళు మెచ్చే జవాబు నా దగ్గర లేక. పెళ్ళి ఇంకా మూడు నెలలుంది. అతని ఉద్యోగం విశాఖలో. బదిలీ అయితే పెళ్ళి నాటికి అవుతుంది. నాకు మాత్రం ఇక్కడి కాలేజీలో పాఠాలు అప్పుడే మొదలయ్యాయి. ఇదంతా వివరంగా చెప్తే, "అయితే పెళ్ళయ్యాకే రండమ్మా, ఇద్దరూ కలిసొస్తే బావుంటుంది" అనేవాళ్ళు. ముప్పై నాలుగేళ్ళ వయసు, డాక్టరేటు, నెల జీతం, ఇవన్నీ కలిసినా ఒక పురుషుడి రాక తేదీకి సరితూగలేదు.

పన్నెండో రోజున ఒక పెద్దావిడ మూడో అంతస్తులో రెండు గదులిచ్చింది. ఒంటరిగా ఉంటుంది. "నాకూ తోడుగా ఉంటారు లెండి. కాకపోతే మగవాళ్ళెవరూ రాకూడదండి. ఆయన కూడా పెళ్ళయ్యాకే రావాలి" అంది. ఒప్పుకున్నాను. అలా ఒప్పుకున్నందుకు నా మీద నాకు కోపం వచ్చింది. ఆ రాత్రి మాత్రం హాయిగా నిద్రపోయాను.

మంచినీళ్ళు కింద కుళాయికే వస్తాయి, తెల్లవారుజామున ఐదున్నరకి. అరగంటో, నలభై నిమిషాలో. పైకి ఎక్కించే మోటారు చెడిపోయి ఉంది. మొదటి రోజు నాలుగు బిందెలు మోసుకొచ్చేసరికి నడుం పట్టేసింది. నల్లగొండ నుంచి అమ్మ ఫోన్ చేసి, "ఏం వండుకున్నవ్ బిడ్డా?" అని అడిగింది. "నీళ్ళు పట్టుకున్నా" అన్నాను.

ఆ ఉదయమే నాకు రాజ్యలక్ష్మి గుర్తొచ్చింది.

సంస్కరణ యుగపు ఆత్మకథల్లో స్త్రీలు ఎలా కనిపిస్తారన్నది నా పరిశోధన. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో, తన ఇంట్లో, కందుకూరి వీరేశలింగం చేయించిన వితంతు వివాహం గురించి ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. పిల్లలకు పాఠమూ చెప్పాను. ఆ పాఠంలో ఒక వాక్యం ఎప్పుడూ ఉంటుంది. వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు, అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరికి వెళ్ళి తానే నీళ్ళు తెచ్చి, తానే వండి పెట్టింది అని. హైదరాబాదులో లైబ్రరీ ఫ్యాను కింద కూర్చుని చదివినప్పుడు ఆ వాక్యం పక్కన పెన్సిలుతో 'సహధర్మచారిణి ఆదర్శం' అని రాసుకున్నాను. ఆదర్శమనే మాట రాసుకున్నానే గాని, ఎన్ని బిందెలు అని మాత్రం అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. పెళ్ళివారికీ, వధువుకూ, ఆమెతో వచ్చినవారికీ, అండగా నిలబడిన విద్యార్థులకూ, స్నేహితులకూ తాగడానికి, వండటానికి, గిన్నెలు కడగడానికి, స్నానాలకు ఎన్ని నీళ్ళు కావాలి? గట్టు దిగి, నిండు బిందెతో మళ్ళీ గట్టెక్కి, ఊరంతా మొహం తిప్పుకున్న వీధుల్లోంచి ఎన్నిసార్లు నడిచి ఉండాలి? అప్పుడామెకు ముప్పై ఏళ్ళు. 1851లో పుట్టింది. వెలి అన్నమాట ఊరికే అనలేదు. శంకర పీఠం పేరున ఉత్తర్వులు వచ్చాయి. పెళ్ళికి వచ్చినవాళ్ళలో కొందరు తర్వాత ప్రాయశ్చిత్తాలు చేయించుకుని కులంలో కలిశారు. రాజ్యలక్ష్మికి ఆ దారి కూడా లేదు. పెళ్ళి జరిగింది ఆమె ఇంట్లోనే.

కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బిచ్చాడు. అది లేకపోతే ఆ ఉద్యమం నడిచేది కాదన్న మాట నిజం. 1879 నుంచీ వీరేశలింగం ఉపన్యాసాలిచ్చాడు, శాస్త్రాలతో వాదించాడు, పత్రికలో రాశాడు. అదీ నిజం. కానీ ఉపన్యాసం మీద, విరాళం మీద నడిచే ఉద్యమానికి పొయ్యి వెలిగించేవాళ్ళు కూడా కావాలి. ఊరు వేసిన వెలి మొదట తగిలింది ఆ పొయ్యికే. ఛాందసులకు ఆ విషయం మనకంటే బాగా తెలుసు. శాస్త్రచర్చతో వీరేశలింగాన్ని ఓడించలేకపోయిన వాళ్ళు, నీళ్ళు ఆపితే ఓడించవచ్చనుకున్నారు. అంటే యుద్ధం వంటింట్లోనే జరిగింది. గెలిచింది ఎవరు? మన పుస్తకాల్లో విజయం మాత్రం పందిట్లో ప్రకటించారు.

ఇక ఆ వధువు. పేరు గౌరమ్మ. వరుడి పేరు గోగులపాటి శ్రీరాములు. బయటి ఊరి నుంచి ఆ అమ్మాయిని రాజమండ్రికి తీసుకొచ్చారు. చిన్నపిల్ల. 'బాల వితంతువు' అని మనం అలవాటుగా అనేస్తాం. ఆ మాటలో బాల అన్న సగం మనకు వినపడదు. ఆ సంవత్సరానికి దేశంలోని చట్టం ప్రకారం వివాహంలో సమ్మతి వయసు పదేళ్ళు. దాన్ని పన్నెండు చేసింది 1891లో. ఆడపిల్ల పెళ్ళి వయసు పద్నాలుగు అంటూ శారదా చట్టం వచ్చింది 1929లో. కాబట్టి 1881లో 'ఈ పెళ్ళి నీకిష్టమేనా?' అన్న ప్రశ్నకు చట్టంలో చోటే లేదు.

అప్పటికి రాజమండ్రికి రైలు లేదు. గోదావరి మీద రైలు వంతెన 1900లో గానీ రాలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలువల్లో పడవలు నడిచేవి. లేకపోతే బండి. ఆ తర్వాతి ఏళ్ళలో పునర్వివాహం కోసం వేర్వేరు ఊళ్ళ నుంచి ఎందరో వితంతు బాలికలు రాజ్యలక్ష్మి ఇంటికి చేరారు. వీరేశలింగం చేయించిన పెళ్ళిళ్ళు దాదాపు 40 అంటారు. ఒక్కో పెళ్ళికి ఒక తేదీ ఉంటుంది. ఒక్కో తేదీకి ముందు కొన్ని రోజులు ఉంటాయి. తెలియని ఇల్లు, తెలియని వీధి, కిటికీ దగ్గరికి వెళ్ళకు అనే హెచ్చరికలు. పెరగనిస్తున్న జుట్టు, చాలా ఏళ్ళ తర్వాత చేతికి ఎక్కిన గాజులు, అద్దంలో మళ్ళీ కనిపించిన బొట్టు. ఆ రోజుల్ని ఎవరు దాటించారు? పక్కన పడుకోబెట్టుకుని, తల దువ్వి, రాత్రి ఉలిక్కిపడి లేస్తే 'ఏం లేదు, పడుకో' అన్నది ఎవరై ఉంటారు? ఇంటి ఆడమనిషి తప్ప ఇంకెవరు?

ఆ పిల్లలు వదిలి వచ్చింది ఊరొక్కటే కాదు. 1856 వితంతు పునర్వివాహ చట్టం పెళ్ళికి అనుమతి ఇస్తూనే, మళ్ళీ పెళ్ళి చేసుకున్న స్త్రీకి చనిపోయిన భర్త ఆస్తిలో ఉన్న హక్కును తీసేసింది. బొట్టూ గాజులూ తిరిగి రావాలంటే, ఉన్న గుప్పెడు భరోసా వదులుకోవాలి. పడవ ఎక్కినప్పుడే ఆ లెక్క తేలిపోయింది. ఇటు పెళ్ళి కుదరకపోతే అటు వెనక్కి వెళ్ళడానికి ఇల్లు లేదు.

పెళ్ళి కుదరకపోతే ఏమవుతుందో గురజాడకు తెలుసు. 'కన్యాశుల్కం' బుచ్చమ్మ పెళ్ళి చేసుకుంటానన్న గిరీశాన్ని నమ్మి ఇల్లు దాటుతుంది. పెళ్ళి జరగదు. 1909 కూర్పు ముగింపులో ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలని సౌజన్యారావు పంతులు తేలుస్తాడు. ఏళ్ళ తరబడి మనం గిరీశం గురించి మాట్లాడుకున్నాం. సౌజన్యారావు సౌజన్యం గురించి మాట్లాడుకున్నాం. ఇల్లు వదిలాక, పూనా అన్నమాట వినేదాకా ఉన్న రోజులు బుచ్చమ్మకు ఎలా గడిచాయని మన విమర్శ ఎంత అడిగింది? ఆమెను నమ్మించినవాడు ఒకడు, ఉద్ధరించినవాడు ఇంకొకడు. ఇద్దరి నిర్ణయాల మధ్యా ఆమె మూట పట్టుకుని నిలబడి ఉంది.

ఇలా అడగడం నేర్పింది 'మనకు తెలియని మన చరిత్ర'. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ఆ పుస్తకంలో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటల్లోనే మాట్లాడారు. ఉద్యమాన్ని తేదీల్లోంచి కాకుండా ఆకలి, అన్నం, కాన్పు, బిడ్డను ఎక్కడ వదిలిపెట్టాలి అనే ప్రశ్నల్లోంచి చూస్తే అది వేరేగా కనిపిస్తుందని ఆ పుస్తకం చూపించింది. 1881 నాటి పిల్లలను కూర్చోబెట్టి అడిగే అవకాశం మనకు లేదు. కానీ వాళ్ళ గురించి పురుషులు రాసిన వాక్యాలను ఆ ప్రశ్నలతో మళ్ళీ చదవొచ్చు.

మళ్ళీ చదివితే ఇంకొకటి కూడా కనపడుతుంది. వితంతు వివాహం అనేది అగ్రవర్ణాల సమస్య. మారుమనువు ఆచారంగా ఉన్న కులాల స్త్రీలకు ఈ సంస్కరణ కొత్తగా ఇచ్చిందేమీ లేదు. నీళ్ళ సంగతీ అంతే. రాజ్యలక్ష్మి బిందె మోసిన దృశ్యం మనల్ని కదిలిస్తుంది, ఎందుకంటే ఆమె మోయనక్కర్లేని కులంలో, ఇంట్లో పుట్టింది. తరతరాలుగా ఊరి బావి దగ్గర దూరంగా నిలబడి, ఎవరైనా పోస్తే పట్టుకోవలసి వచ్చిన దళిత స్త్రీకి వెలి అన్నది ఒక పెళ్ళి కోసం వచ్చిన కష్టం కాదు. నేను రాజ్యలక్ష్మిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆమె బిందె బరువు తెలిసినవాళ్ళకే ఆ రెండో బరువు కూడా అర్థం కావాలి అంటున్నాను.

ఒక ఆదివారం వీరేశలింగం ఇల్లు చూడటానికి వెళ్ళాను. ఇప్పుడది స్మారక భవనం. మా ఇంటావిడ కూడా వస్తానంది. లోపల తిరుగుతూ, "ఈ ఇంట్లోనేనాండీ అన్ని పెళ్ళిళ్ళు?" అంది. తర్వాత కాసేపటికి, నా వైపు చూడకుండా, తన అత్తగారి చెల్లెలి సంగతి చెప్పింది. పదేళ్ళకే భర్త పోతే, ఎనభై ఏళ్ళు వచ్చేదాకా ఆ ఇంట్లో వంట చేస్తూనే బతికిందట. "ఊరు ఇదేనండి. గట్టు దగ్గరే మా ఇల్లు. ఆవిణ్ణి మాత్రం ఎవరూ ఇక్కడికి తీసుకురాలేదు" అంది. నా థీసిస్‌లో నాలుగు వందల పేజీలున్నాయి. ఆ వాక్యం లేదు.

రాజ్యలక్ష్మి అసలు పేరు బాపమ్మ. 1861లో పెళ్ళయ్యాక రాజ్యలక్ష్మి అయింది. ఇన్ని పేజీల్లో నేనూ ఆమెను ఆ పేరుతోనే పిలిచాను. పెళ్ళి కార్డు అచ్చుకిచ్చే ముందు కాబోయే అత్తగారు ఫోన్ చేసి ఎంతో ప్రేమగా, "బ్యాంకు కాయితాలూ అవీ ఎలాగూ మార్చాలి కదమ్మా, ఇంటిపేరు కూడా ఇప్పుడే మార్పించేసుకో" అన్నారు. ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడదీ మార్చారు. ఆ రాత్రి అతనితో అన్నాను, "నేను మార్చుకోను" అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే. అమ్మకి నువ్వే చెప్పు" అన్నాడు.

'నువ్వే చెప్పు.' ఒప్పుకున్నట్టే ఉంది. కానీ మోసేది మళ్ళీ నేనే. ఉపన్యాసం ఒకరిది, బిందె ఒకరిది. నూట నలభై ఏళ్ళు దాటినా ఆ పంపకం అంత సులువుగా మారలేదు. "ఇద్దరం కలిసి చెబుదాం, లేకపోతే కార్డు ఆగుతుంది" అన్నాను. మూడు రోజులు ఫోన్ రాలేదు. ఆ మూడు రోజులూ ఈ ఊళ్ళో నాకు ఎవరూ లేరనిపించింది. ఎవరూ లేని ఊళ్ళో పెళ్ళి కోసం ఎదురుచూసిన పిల్లల గురించి అప్పుడు ఆలోచించాను. నాకు జీతం ఉంది, వెనక్కి వెళ్ళడానికి అమ్మ ఇల్లు ఉంది. 'వద్దు' అనగలగడానికి ఆ రెండూ ఎంత అవసరమో పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది వేరు, ఆ మూడు రాత్రులు వేరు.

నాలుగో రోజున ఫోన్ చేశాడు. ఇద్దరం కలిసి ఆవిడతో మాట్లాడాం. ఆవిడ నొచ్చుకున్నారు. కార్డు నా పేరుతోనే అచ్చవుతోంది.

ఇంకొక ప్రశ్న కూడా పెళ్ళికి ముందే అడిగాను. "ఇక్కడ నీళ్ళు ఐదున్నరకి వస్తాయి. ఎవరు పడతారు?" అతను నవ్వాడు. నేను నవ్వలేదు. "రోజు మార్చి రోజు" అన్నాడు చివరికి. చూడాలి. పెళ్ళి తేదీ అందరూ గుర్తుపెట్టుకుంటారు. ఆ తర్వాతి తెల్లవారుజాముల లెక్క మాత్రం నేనే రాసి పెట్టుకుంటాను.