నిశ్చల చిత్రంలో లోతు: పాత ఫొటోలు కదలడం నేర్చిన చరిత్ర



గమ్హరియా స్టేషన్లో టాటానగర్ వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూర్చోండి. పట్టాల పక్కన కరెంటు స్తంభాలు రివ్వున వెనక్కి పోతాయి. ఆదిత్యపూర్ కర్మాగారాల రేకుల కప్పులు నిదానంగా జరుగుతాయి. దూరాన కొండలు కదిలీ కదలనట్టు ఉంటాయి. చందమామ అయితే మనతోనే వస్తూ ఉంటాడు. మనం కదిలినప్పుడు దగ్గరి వస్తువు ఎక్కువగా, దూరపు వస్తువు తక్కువగా జరిగినట్టు కనిపించే ఈ తేడానే పారలాక్స్ అంటారు. ఒక కన్ను మూసుకున్నా ఏది దగ్గర, ఏది దూరం అని మనకు తెలియడానికి ఇది ముఖ్యమైన ఆధారం.

టీవీలో చరిత్ర కార్యక్రమాలు చూసేటప్పుడు ఒక వింత గమనించే ఉంటారు. ఎప్పుడో తీసిన నలుపు తెలుపు ఫొటోలో మనిషి కాస్త ముందుకు వస్తాడు, వెనకనున్న భవనం మెల్లగా జరుగుతుంది. ఫొటో ఒక్కటే. తీసిన క్షణం ఒక్కటే. మరి ఈ లోతు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ పాఠంలో దాని చరిత్రను, దాని వెనకనున్న లెక్కను, దానితో వచ్చే ఒక బాధ్యతను తెలుసుకుందాం.

తెర మీద లోతు

లోతును బొమ్మలో చూపాలన్న తపన సినిమా కన్నా పాతది. మన తోలుబొమ్మలాటనే చూడండి. నిమ్మలకుంట కళాకారులు బొమ్మను తెరకు ఆనించి ఆడిస్తే అంచులు స్పష్టంగా పడతాయి. అదే బొమ్మను దీపం వైపు వెనక్కి లాగితే నీడ పెద్దదై, మసకబారుతుంది. ఇక్కడ ఉన్నది ఒకే తెర, ఒకే దీపం. మధ్యలో దూరం మారితే చాలు, చూసేవారికి దగ్గర, దూరం అనే భావన కలుగుతుంది.

1838లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టోన్ స్టీరియోస్కోప్‌ను రాయల్ సొసైటీకి వివరించాడు. కాస్త తేడాతో గీసిన రెండు బొమ్మలను రెండు కళ్లకు విడివిడిగా చూపిస్తే మెదడు వాటిని కలిపి లోతుగా గ్రహిస్తుందని నిరూపించాడు. అయితే ఆ పద్ధతికి రెండు బొమ్మలు కావాలి. మన ఇళ్లలో పాత ఫొటోలు ఒక్కొక్కటే కదా!

జర్మనీలో లొట్టే రైనిగర్ నీడబొమ్మలతో తీసిన 'ప్రిన్స్ అహ్మద్ సాహసాలు' చిత్రం 1926లో వచ్చింది. ఆమె బొమ్మలను, నేపథ్యాన్ని వేర్వేరు గాజు పలకల మీద అమర్చి, పైనుంచి కెమెరాతో తీసింది. డిస్నీ స్టూడియో ఇదే ఆలోచనను మల్టీప్లేన్ కెమెరాగా పెద్దఎత్తున వాడింది. 1937లో వచ్చిన 'ది ఓల్డ్ మిల్' అనే చిన్న చిత్రంలోనూ, ఆ ఏడాది డిసెంబరులో విడుదలైన 'స్నో వైట్' చిత్రంలోనూ ప్రేక్షకులు దాని ఫలితాన్ని చూశారు.

ఆ యంత్రం ఎందుకు అవసరమైంది? వెన్నెల రాత్రిలో ఒక ఇల్లు గీశామనుకోండి. కెమెరాను ఆ బొమ్మకు దగ్గరగా జరిపితే ఇంటితో పాటు చందమామ కూడా పెద్దదవుతుంది. నిజంలో అలా జరగదు. అందుకే ఇంటిని ఒక గాజు పలక మీద, చంద్రుణ్ణి దూరంగా మరో పలక మీద పెట్టారు.

ఫొటోలతో చరిత్ర చెప్పడం

1957లో కెనడా జాతీయ చలనచిత్ర మండలి 'సిటీ ఆఫ్ గోల్డ్' అనే డాక్యుమెంటరీ తీసింది. బంగారం కోసం జనం పరుగులు తీసిన నాటి డాసన్ పట్టణపు ఫొటోల మీద దర్శకులు కొలిన్ లో, వుల్ఫ్ కోనిగ్ కెమెరాను మెల్లగా నడిపించారు. మన దేశంలో సత్యజిత్ రాయ్ 1961లో ఫిల్మ్స్ డివిజన్ కోసం తీసిన 'రవీంద్రనాథ్ టాగోర్' చిత్రంలోనూ పాత ఫొటోలే చాలా కథ చెబుతాయి. 1990లో అమెరికా టీవీలో ప్రసారమైన 'ది సివిల్ వార్' ధారావాహికతో ఈ పద్ధతి ఎంత ప్రసిద్ధి చెందిందంటే, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో దానికి దర్శకుడు కెన్ బర్న్స్ పేరే పెట్టారు.

కానీ ఇవన్నీ ఒకే కాగితం మీద నడిచిన కెమెరాలు. అందులో మనిషీ, వెనకనున్న కొండా ఒకే పాళ్లలో పెరుగుతాయి. 2001లో ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్ ఐదో వెర్షన్‌లో పొరలను ముందు వెనకలుగా నిలిపి, కంప్యూటర్ లోపలే ఒక ఊహా కెమెరాను నడిపే వీలు వచ్చింది. 2002లో విడుదలైన 'ది కిడ్ స్టేస్ ఇన్ ది పిక్చర్' డాక్యుమెంటరీ ఫొటోల్లోని మనుషులను నేపథ్యం నుంచి విడదీసి కదిలించింది. ఆ తరువాత ఈ పద్ధతి టీవీ చానళ్లలో మామూలైపోయింది.

లెక్క ఏమిటి?

కెమెరా పక్కకు జరిగినప్పుడు బొమ్మలో వస్తువు జరిగే దూరం, ఆ వస్తువు ఎంత దూరంలో ఉందో దానికి విలోమానుపాతంలో ఉంటుంది. 50 మిల్లీమీటర్ల లెన్సు ఉన్న కెమెరాను 10 సెంటీమీటర్లు పక్కకు జరిపామనుకుందాం. 2 మీటర్ల దూరంలో నిలబడ్డ కార్మికుడి బొమ్మ ఫిల్ము మీద 2.5 మిల్లీమీటర్లు జరుగుతుంది. 200 మీటర్ల దూరంలో ఉన్న పొగగొట్టం 0.025 మిల్లీమీటరు మాత్రమే జరుగుతుంది. అంటే నూరో వంతు.

ఇప్పుడు కెమెరాను 1 మీటరు ముందుకు తీసుకెళ్లండి. కార్మికుడు రెట్టింపు పెద్దగా కనిపిస్తాడు. పొగగొట్టం పెరిగేది అర శాతమే.

ఎడిటింగ్‌లో పని క్రమం ఇలా ఉంటుంది. ఫొటోను స్కాన్ చేసి, మనిషి అంచుల వెంట కత్తిరించి ఒక పొరగా తీస్తాం. మధ్యనున్నవి ఒక పొర, నేపథ్యం మరో పొర. రెట్టింపు దూరంలో నిలిపిన పొరను రెట్టింపు పెద్దది చేస్తే మొదటి క్షణంలో ఫొటో మునుపటిలాగే కనిపిస్తుంది. ఆ తరువాత కెమెరా కదలగానే పొరలు విడివడి లోతు తెలుస్తుంది.

ఇక్కడే అసలు చిక్కు. మనిషిని కత్తిరించి తీసిన చోట నేపథ్యంలో ఖాళీ మిగులుతుంది. అతని వెనక ఏముందో ఫొటోలో లేదు. కెమెరా దాన్ని చూడలేదు. ఆ ఖాళీని నింపేది మనమే.

ఒక చెయ్యి కథ

జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో మొదటి ఉక్కు 1912 ఫిబ్రవరిలో తయారైంది. సాక్చీ అనే పల్లెకు 1919లో జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. ఆ పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు ఇటు వచ్చాయి. కొన్నేళ్ల క్రితం మా గమ్హరియాలో ఆ కుటుంబాల పిల్లలు కొందరు తమ పెద్దల మీద చిన్న వీడియో చేస్తామన్నారు. నేను సాయం చేశాను.

వారికి దొరికిన వాటిలో 1950ల నాటి ఒక గ్రూపు ఫొటో ఉంది. ముందు వరుసలో ఒకాయన కుర్చీలో కూర్చున్నాడు. ఆయన వెనక సగం మాత్రమే కనబడే మరో మనిషి. ఫొటో తీసే క్షణంలో కదిలాడేమో, ముఖం మసకగా ఉంది. అంచు శుభ్రంగా తెగడం లేదని పిల్లలు అతన్ని తుడిచేసి, పక్క గోడను అతికించారు. నేనూ చూసి బాగుందన్నాను.

ఒక ఇంట్లో ఆ వీడియో వేశాం. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. ఎనభై దాటిన మామ్మగారు మాత్రం తెర దగ్గరకొచ్చి కూర్చున్నాయన భుజం వైపు చూపించారు.

"ఈ చెయ్యి ఎవలిదిరా నాయినా? మనిషేడి?"

నిజమే. భుజం మీద వేసిన నాలుగు వేళ్లు ముందు పొరలో ఉండిపోయాయి. వేళ్లున్నాయి, మనిషి లేడు. కుర్చీలో ఉన్నది ఆమె మామగారు. వెనక నిలబడ్డది ఆయన తమ్ముడు. ఆయనకు ఆ ఇంట్లో ఇంకో ఫొటో లేదు.

మర్నాడు ఆ దృశ్యాన్ని మళ్లీ చేశాం. అన్నదమ్ములిద్దరినీ ఒకే పొరలో ఉంచాం. కెమెరా కదలికను తగ్గించాం. లోతు మొదటిసారి అంత గొప్పగా రాలేదు. మామ్మగారు మాత్రం చినమామగారికి మళ్లీ పేరు పెట్టి పిలిచినట్టుగా, మనవళ్లకు ఆయన గురించి చెప్పడం మొదలుపెట్టారు.

నేటి మాట

ఇప్పుడు ఈ పనిని యంత్రమే చేసిపెడుతోంది. 2020 డిసెంబరు నుంచి గూగుల్ ఫొటోస్ ఒక్క ఫొటో నుంచే దూరాలను అంచనా వేసి కదిలే చిత్రం తయారుచేస్తోంది. 2023లో ఫొటోషాప్‌లో ఖాళీలను కృత్రిమ మేధతో నింపే సదుపాయం వచ్చింది. పని సులువైంది. కానీ ఆ మనిషి వెనక ఏముందో యంత్రానికీ తెలియదు. అది ఊహిస్తుంది, అంతే. గోడ ఉండవచ్చునని లెక్క కట్టి గోడ గీస్తుంది.

కాబట్టి పాత ఫొటోతో పనిచేసేటప్పుడు మూడు నియమాలు పాటించండి. అసలు ఫొటోను మార్చకుండా వేరుగా దాచండి. అందులో ఉన్న మనిషిని, అతను ఎంత మసకగా ఉన్నా, తీసేయకండి. మీరు నింపిన భాగం ఉందని వీడియోలో ఒక మాట రాయండి.

చివరగా మీకొక పని. మీ ఇంట్లో ఒక పాత ఫొటో తీసుకుని దాన్ని కంప్యూటర్లో పెట్టే ముందు ఇంట్లో పెద్దవారి ముందు పెట్టండి. ఎవరు ఎవరో, ఎవరి వెనక ఏముండేదో అడిగి కాగితం మీద రాసుకోండి. పొరలు కత్తిరించడం ఆ తరువాత మొదలుపెట్టండి.