నానమ్మ మిశ్రీ డబ్బా

మా పెద్దలు కరీంనగర్ వైపు నుంచి సోలాపూర్ వచ్చి నాలుగు తరాలైంది. మేము పద్మశాలీలం. మగవాళ్ళు మగ్గాల మీద, ఆడవాళ్ళు బీడీల చాట ముందు బతికారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. పళ్ళు తోముకునే తీరు కూడా అట్లాగే మారింది. ఊళ్ళో వేపపుల్ల ఉండేది, ఇక్కడ మిశ్రీ వచ్చి చేరింది.

మిశ్రీ అంటే కలకండ అనుకునేరు! పొగాకును పెనం మీద నల్లగా మాడ్చి నూరిన పొడి. మహారాష్ట్రలో చాలామంది ఆడవాళ్ళు దాన్ని వేలితో చిగుళ్ళకు రుద్దుకుంటారు. పళ్ళ కోసమని మొదలై, చివరికి అలవాటుగా పట్టుకుంటుంది. "చిగుళ్ళ నుంచి నెత్తురొస్తుందా? రెండ్రోజులు మిశ్రీ పెట్టవే, ఆగుతది" అనేది మా నానమ్మ కోడళ్ళతో.

ఆగేది కూడా. పొగాకులోని నికోటిన్ రక్తనాళాలను కుదిస్తుంది కాబట్టి నెత్తురు తగ్గుతుంది. జబ్బు మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది.

జబ్బుకు మూలం పంటికీ చిగురుకూ మధ్య పేరుకునే పాచి. తియ్యకపోతే అది గట్టిపడి గార అవుతుంది. చిగుళ్ళు ఎర్రబడి, ఉబ్బి, నెత్తురొస్తుంది. ఇంతవరకైతే బాగుచేసుకోవచ్చు. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో బృందం 12 మంది చేత పళ్ళు తోముకోవడం మాన్పించి చూసింది. మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమితే కొన్ని రోజుల్లోనే తగ్గాయి. ఏళ్ళ తరబడి వదిలేస్తే మాత్రం పంటిని పట్టుకున్న ఎముకే అరిగిపోతుంది. పాతకాలం వాళ్ళు 'పయోరియా' అన్నది దీన్నే.

నానమ్మకు యాభై దాటకముందే పళ్ళు కదిలి, పెద్దగా నొప్పి లేకుండానే ఒక్కొక్కటీ ఊడాయి. కడక్ భాకరీని పప్పుచారులో నానబెట్టుకొని తినేది. "మన ఇంటి పళ్ళే అంత" అనుకున్నాం.

మొన్న మా మేనత్త మిశ్రీ మానేసింది. కొన్నాళ్ళకే చిగుళ్ళ నుంచి నెత్తురు. "చూశారా, మిశ్రీయే నయం" అని మళ్ళీ డబ్బా తీయబోయింది. బలవంతంగా పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. "ఇది కొత్తగా వచ్చింది కాదమ్మా, ఇన్నాళ్ళూ కనపడలేదంతే" అన్నారాయన. గార తీశారు. రెండు పళ్ళు పోయాయి, మిగతావి నిలిచాయి.

మీ ఇళ్ళల్లో అవ్వలు, అత్తలు మిశ్రీ మానేస్తే, నెత్తురు చూసి భయపడి మళ్ళీ డబ్బా తెరవనివ్వకండి. డాక్టరుకు చూపించండి. నానమ్మ డబ్బా మా అటక మీద ఇంకా ఉంది, ఖాళీగా.