ఇల్లు వినని రాత

1825లో పారిస్‌లోని కాంజ్-వాన్ అంధాశ్రమం డైరెక్టర్‌కి ఒక రాతప్రతి అందింది. అంధుల శారీరక, నైతిక స్థితిగతుల గురించిన ఆలోచనలు అందులోని విషయం. రచయిత్రి పేరు తెరెజ్ అడేల్ హుస్సోన్. 1803లో నాన్సీ పట్టణంలో పుట్టింది. తొమ్మిది నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు మశూచి వల్ల చూపు పోయింది. "రాసింది" అని మనం అలవాటుగా అనేస్తాం గానీ ఆ కాగితాల మీది చేతిరాత ఆమెది కాదు. ఆమె చెబుతుంటే చూపున్నవాళ్లు రాసిపెట్టారు. కాథరిన్ కుడ్లిక్, జీనా వేగాండ్ అనే ఇద్దరు చరిత్రకారిణులు ఆ ప్రతిని ఇంగ్లీషులోకి తెచ్చి 2001లో పుస్తకంగా ప్రచురించేదాకా, నూట డెబ్బై ఏళ్లకు పైగా, అది పాత దస్తావేజుల మధ్యే ఉండిపోయింది.

అంధ స్త్రీలు పెళ్లి చేసుకోకూడదని హుస్సోన్ ఆ పుస్తకంలో గట్టిగా చెప్పింది. మరుసటి ఏడాదే పియెర్ ఫుకో అనే అంధ సంగీతకారుణ్ణి పెళ్లి చేసుకుంది. దీన్ని చపలచిత్తం అని నవ్వేసినవాళ్లు ఉండవచ్చు. నాకు వేరే అనుమానం. ఆశ్రయం కోరుతూ ఒక పెద్దమనిషికి పంపే పుస్తకం, అది కూడా ఇంకొకరి ఎదుట కూర్చుని పైకి చెబితేనే కాగితం మీదికి వచ్చే పుస్తకం. అందులో ఇరవై రెండేళ్ల అమ్మాయి తన కోరిక గురించి ఏం చెప్పగలదు? ఏ వాక్యం ఆమెది, ఏది రాసేవాళ్ల ముఖం కోసం సర్దుకున్నది? 1831లో ఆమె కాలిన గాయాలతో చనిపోయింది. మరో పదేళ్లకు ఆమె భర్త ఫుకో, లూయీ బ్రెయిల్‌తో కలిసి, అంధులు మామూలు అక్షరాలను చుక్కలు చుక్కలుగా అచ్చొత్తి చూపున్నవాళ్లకు స్వయంగా ఉత్తరం రాసుకోగల యంత్రం తయారుచేశాడు. ఆమెకు కావలసి ఉండిన వస్తువు ఆమె ఇంట్లోనే పుట్టింది, ఆమె పోయాక.

స్త్రీ రాయాలంటే తాళం వేసుకోగల గది కావాలని 1929లో వర్జీనియా వుల్ఫ్ చెప్పిన మాటను మనం ఎన్నిసార్లు తలచుకున్నామో లెక్కలేదు. చూపులేని స్త్రీకి గదీ తాళమూ ఉన్నా చాలలేదు. ఆ గదిలో ఇంకొక మనిషి కూర్చుని ఉండాలి. వచ్చిన ఉత్తరం చదివిపెట్టడానికి ఒకరు, జవాబు రాయడానికి ఒకరు. మహాభారతంలో ధృతరాష్ట్రుడికి సంజయుణ్ణి ఏర్పాటు చేశారు. చూపున్న గాంధారి కళ్లకు గంత కట్టుకుంటే పాతివ్రత్యమని పొగిడారు. చూపులేని ఆడమనిషికి సంజయుడెవరన్న ప్రశ్న మన పురాణాలకు తట్టలేదు. మనకు మాత్రం ఎప్పుడు తట్టింది? స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల గొంతులను టేపుల నుంచి కాగితం మీదికి దించింది. చెప్పిన మాటకూ అచ్చయిన మాటకూ మధ్య ఎవరి చెయ్యి ఉందని మన దగ్గర చర్చ మొదలైంది అటువంటి పనుల వల్లే. ఆ చర్చను జీవితాంతం, రోజూ, చిన్న చీటీ రాయడానికి కూడా ఎదుర్కొనే స్త్రీల దాకా తీసుకుపోవలసి ఉండింది.

లూయీ బ్రెయిల్ 1824లో, పదిహేనేళ్ల వయసులో, ఆరు చుక్కల లిపికి రూపం ఇచ్చాడు. 1829లో దాన్ని ప్రచురించాడు. ఆయన చదివి, పాఠాలు చెప్పిన పారిస్ అంధుల పాఠశాల దాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో, ఆయన పోయిన రెండేళ్లకు. ఆలస్యానికి ఒక కారణం, ఆ లిపి చూపున్న ఉపాధ్యాయులకు అర్థం కాకపోవడం. పిల్లలు తమలో తాము ఏం రాసుకుంటున్నారో పెద్దలకు తెలియదు. లిపి బలమంతా అక్కడే ఉందనిపిస్తుంది నాకు.

మన దేశంలో మొదటి అంధుల పాఠశాలను అమృత్‌సర్‌లో 1887లో తెరిచింది ఒక స్త్రీ, మిషనరీ ఆనీ షార్ప్. ఆ తర్వాత ఒక్కో ప్రాంతంలో ఒక్కో చుక్కల పద్ధతి పుట్టింది. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట పనికిరాలేదు. యునెస్కో పూనికతో 1951లో భారతి బ్రెయిల్ ఖాయమైంది. దానికి ఆధారం ధ్వని. హిందీ 'క'కీ తెలుగు 'క'కీ తమిళ 'క'కీ ఒకే చుక్కలు. కళ్లకు ఎంతో దూరంగా కనబడే లిపులు వేలి కింద చుట్టాలైపోతాయి. మా ఊరి పేరే చూడండి. ఇచ్చోడ అని రాయాలంటే ఆరు గడులు: ఇ, ఒత్తు ఉందని చెప్పడానికి ముందుగా ఒక్క నాలుగో చుక్క, రెండు చలు, ఓ, డ. గుణింతం గుర్తులు పైనా కిందా ఎక్కవు, అచ్చు హల్లు వెనకే వరసగా నడుస్తుంది. ఆదిలాబాద్ జిల్లాలో గుంజాల గోండి లిపి ప్రతులు దొరికి, 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు వచ్చినప్పుడు అందరం సంతోషించాం. మా ఇచ్చోడ సంతలో వినబడే గోండి మాటనూ లంబాడీ మాటనూ కూడా ఈ చుక్కల్లో చాలావరకు పట్టవచ్చు. ఎవరైనా పూనుకుని పాఠాలు తయారుచేయాలంతే.

పలకా స్టైలస్‌తో రాయడం ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు ఒక మాట. మందపాటి కాగితాన్ని చట్రంలో బిగించి కుడి నుంచి ఎడమకు, ప్రతి అక్షరాన్నీ అద్దంలో బొమ్మలాగా తిప్పి గుచ్చాలి. చదవడానికి కాగితం తిరగెయ్యాలి. పుస్తకాలు బరువు. ఒక మోస్తరు నవల నాలుగైదు పెద్ద సంపుటాలవుతుంది. బరువైనా మొయ్యవచ్చు గానీ రాసేవాళ్లకు దీనికంటే పెద్ద చిక్కు ఉంది. రెండు వాక్యాల మధ్య మూడోది చేర్చడానికి లేదు. పేరా పైకీ కిందికీ జరపడానికి లేదు. మాట మార్చాలంటే పేజీ మళ్లీ గుచ్చాలి. 1951లో అమెరికాలోని పెర్కిన్స్ సంస్థ తెచ్చిన ఆరు మీటల బ్రెయిలర్ వేగం పెంచింది, అద్దపు రాత బాధ తప్పించింది. దిద్దుకోవడం మాత్రం అంత తేలిక కాలేదు. మనలో ఎవరం ఒక్క చిత్తుప్రతితో వ్యాసం పూర్తి చేశాం? కొట్టివేతలే రచన అని ఒప్పుకునే మనం, కొట్టివేతకు వీల్లేని రాతలో రచయిత్రులు ఎందుకు రాలేదని అడగడం అన్యాయం.

హెలెన్ కెల్లర్ మామూలు టైపు మిషన్ మీద చక్కగా టైపు చేసేది. కానీ తాను టైపు చేసింది తాను చదువుకోలేదు. మరొకరు ఆమె అరచేతిలో అక్షరం అక్షరంగా చెప్పాలి. బ్రెయిల్‌లో ఉన్నవాటికేమో నకళ్లుండవు. 1946లో ఆమె ఇల్లు కాలిపోయినప్పుడు గురువు ఆన్ సలివన్ మీద సగానికిపైగా రాసుకున్న పుస్తకం బూడిదైంది. మళ్లీ మొదటినుంచి రాసి 1955లో అచ్చు వేయించింది. భారతదేశానికి వచ్చిందీ ఆ ఏడాదే.

చుక్కలు కాగితం వదిలి పైకీ కిందికీ కదిలే పిన్నులుగా మారడం వెనక కథలో భౌతికశాస్త్రం ఉంది, ఒక తల్లి కూడా ఉంది. కొన్ని స్ఫటికాలను ఒత్తితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. ఆ సూత్రం మీద పనిచేసే కొలమానంతోనే మేరీ క్యూరీ తర్వాత రేడియోధార్మికతను కొలిచింది. అదే తిరగేస్తే, విద్యుత్తు ఇస్తే స్ఫటికం వంగుతుంది. వంగినప్పుడు పిన్నును పైకి నెట్టగలదు. స్టాన్‌ఫోర్డ్ ఆచార్యుడు జాన్ లిన్‌విల్ ఈ గుణాన్ని వాడుకుని, అచ్చు అక్షరాల ఆకారాన్ని వేలి కింద కంపింపజేసే ఆప్టకాన్ అనే యంత్రం తెచ్చాడు. 1971లో అది బజారుకు వచ్చింది. కూతురు క్యాండీకి చూపు లేదు. ఆమె కోసం తండ్రి యంత్రం కనిపెట్టాడని ఎక్కడ చూసినా చెబుతారు. అంతకుముందు ఆ పిల్ల చదువుకోవలసినవాటిని కూర్చుని చేత్తో బ్రెయిల్‌లోకి ఎక్కించింది తల్లి మార్జరీ.  కథలో ఆమె వంతు ఒక వాక్యం. మన దేశంలోనూ బ్రెయిల్‌లోకి ఎక్కించి ఇచ్చిన, పక్కన కూర్చుని చదివిపెట్టిన, పరీక్షల్లో రాసిపెట్టిన ఆడవాళ్ల లెక్క ఎవరూ రాయలేదు.

1970ల మధ్యకల్లా ఫ్రాన్స్‌లోనూ జర్మనీలోనూ చుక్కలు మారే పంక్తి తయారైంది. 1980ల మొదట్లో అమెరికాలో వెర్సాబ్రెయిల్ వచ్చింది. రాసింది క్యాసెట్‌లో దాచి, ఇరవై గడుల పంక్తి మీద తిరిగి చూపించేది. చూపించేది అన్నాను, ఈ మాటకు బదులు మాట మన భాషలో ఇంకా కుదరలేదు. 2000లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన బ్రెయిల్‌నోట్ నాటికి అది సంచిలో పట్టే నోటుపుస్తకం అయింది. ముందు ఆరు మీటలు, మధ్యలో ఖాళీ మీట, కింద పద్దెనిమిదో ముప్పై రెండో గడులు. చాలా యంత్రాల్లో ప్రతి గడి పైన చిన్న బొత్తం ఉంటుంది. దాన్ని నొక్కితే సరిగ్గా ఆ అక్షరం దగ్గరికి పోయి దిద్దవచ్చు. కొట్టివేత అక్కడ దొరికింది.

మా ఇచ్చోడలో నాకు వరసకు చెల్లెలయ్యే ఒకామె దగ్గర ఇరవై గడుల పరికరం ఉంది. ఆమె టీచరు. హాస్టల్లో ఉండి పలక మీద నేర్చుకున్నది. ఇప్పుడు ఫోన్ అన్నీ పైకి చదువుతోంది కదా, ఇంకా ఈ చుక్కలెందుకని అందరూ అడిగే ప్రశ్నే నేనూ అడిగాను. "అక్కా, ఫోన్ మంచిగనే చదువుతది. గని ఇల్లంత వింటది" అంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకోవచ్చు కదా అంటే, "చెవులే గదా నాకు కండ్లు. అవి మూసుకుంటే ఎవలొచ్చిన్రో, ఎవలు పిలుస్తున్రో ఎట్ల తెలుస్తది? పలకకపోతే పొగరంటరు" అంది. జవాబు అక్కడితో ఆపలేదు. విన్నప్పుడు ఒత్తు ఎక్కడుందో, దీర్ఘం పోయిందో లేదో తెలియదట. కవిత పంక్తి ఎక్కడ విరిగిందో తెలియదట. ఆదిలాబాద్ బస్సులో, శాలువా కింద, పక్కసీటులో కూర్చున్నవాళ్లకు తెలియకుండా ఆమె ఏం చదువుతుందో నేను అడగలేదు.

తెలుగుకు ఇరవై గడులు చాలా ఇరుకు. ఇచ్చోడ అంటే ఆరు, "ఇచ్చోడకు" అంటే ఎనిమిది. మధ్య ఖాళీలు కలుపుకుంటే పంక్తికి రెండు మాటలు, మహా అయితే మూడు. ఇంగ్లీషు బ్రెయిల్‌కు ఉన్న కుదింపులు మనకు వాడుకలో లేవు. అయినా యంత్రానికి తెలుగు వచ్చింది. చూపూ వినికిడీ లేని జాన్ బోయర్ చేయి వేసిన లిబ్‌లూయీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2002 నుంచి పెరుగుతూ వచ్చింది. అందులో తెలుగు పట్టిక ఉంది.

ధర సంగతి వేరు. దిగుమతి పరికరాలు లక్ష రూపాయలు దాటుతాయి. పిన్నును లేపే స్ఫటికపు భాగం ప్రతి గడికీ విడిగా కావాలి, ఖర్చంతా అందులో ఉంది. ఆ పద్ధతి వదిలి, కొన్ని సంస్థలు కూడబలుక్కుని 2016 ప్రాంతంలో తెచ్చిన ఆర్బిట్ రీడర్ ధరను ఐదువందల డాలర్ల చుట్టుపక్కలకు దించింది. పంక్తి మారినప్పుడు అది చిన్న చప్పుడు చేస్తుంది, మొదటి రకంలో గడి గడికీ బొత్తాలు లేవు. చవకగా ఇచ్చేటప్పుడు ముందు తీసేసింది దిద్దుకునే వీలునే. 2019లో ఐఐటీ ఢిల్లీ బృందం మన దేశంలో తయారుచేసిన డాట్‌బుక్ ఇరవై, నలభై గడుల రకాల్లో వచ్చింది.

ఎవరింట్లో కొంటారు? 1996-2000 మధ్య ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పరిశోధకులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మందిని పరీక్షించారు. ఎంచుకున్న ప్రాంతాల్లో ఆదిలాబాద్ ఒకటి. అంధత్వం 1.84 శాతం అని తేలింది. పేదల్లో, పల్లెల్లో, ఆడవాళ్లలో ఎక్కువ. ఆ ఆసుపత్రి తన మొదటి గ్రామీణ కేంద్రాన్ని 1996లో ముధోల్‌లో పెట్టింది, అంటే అప్పటి మా జిల్లాలోనే. శుక్లం తీస్తే వచ్చే చూపు చాలామందికి అక్కడ వచ్చింది. రానివాళ్ల గురించి నేను మాట్లాడుతున్నది. కొడుక్కి చూపు లేకపోతే హైదరాబాద్ హాస్టలు వెతికే ఇల్లు, కూతురికి లేకపోతే "ఇంట్లనే ఉండనీ, ఎవలు చూస్తరు" అనడం మా వైపు వినని మాట కాదు. అలాంటి ఇంటికి రేడియో వస్తుంది, ఫోన్ వస్తుంది. వినడానికి ఆమెకు అన్నీ దొరుకుతాయి. రాసి దాచుకోవడానికి కావలసింది అడిగితే మాత్రం ఎందుకని అడుగుతారు.

2012లో కాపీరైట్ చట్టం మారింది. 2014లో భారతదేశం మరకేష్ ఒప్పందాన్ని అన్ని దేశాలకంటే ముందు ఆమోదించింది. 2016లో సుగమ్య పుస్తకాలయ మొదలైంది. ఇవన్నీ చదవడానికి. మంచివే. రాయడం గురించి చట్టాలు తలపెట్టింది ఎక్కువగా పరీక్షల్లో పక్కన కూర్చునే రాతసాయం మటుకే, అదీ మళ్లీ ఇంకొకరి చెయ్యే.

మా చెల్లెలు ఈమధ్య తాను రాసుకున్నదొకటి పంపింది. యంత్రంలో ఉన్నది ఉన్నట్టుగా, బ్రెయిల్ ఫైలు. నా కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చిల్లర గుర్తులు. మొదటి పంక్తిలో ఐ, ఎట్ గుర్తు, రెండు సి లు, ఓ, డాలర్ గుర్తు కనిపించాయి. లెక్కపెట్టి, పట్టిక పక్కన పెట్టుకుని చూస్తే ఇచ్చోడ. మిగతాది తెలుగులోకి మార్చి పంపమని ఫోన్ చేశాను. "పంపుత తియ్ అక్కా, ఇంక దిద్దేది ఉంది" అంది. ఎదురుచూస్తున్నాను.