ఎయిర్ ఇండియా ‘కనిష్క’ పేల్చివేత

పంజాబ్‌లో ఖలిస్తాన్ వేర్పాటువాద హింస చెలరేగిన కాలంలో, 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా 182వ నంబరు విమానాన్ని బాంబుతో కూల్చిన ఉగ్రవాద దాడి. మాంట్రియల్ నుంచి లండన్ మీదుగా ఢిల్లీ రావలసిన ‘కనిష్క’ అనే ఈ బోయింగ్ 747, ఐర్లాండ్ తీరానికి దూరంగా సుమారు 31,000 అడుగుల ఎత్తున పేలి అట్లాంటిక్ మహాసముద్రంలో కూలింది. అందులోని 329 మందీ మరణించారు. మృతుల్లో అత్యధికులు భారత సంతతికి చెందిన కెనడా పౌరులు.

దర్యాప్తు: 131 మృతదేహాలే లభించాయి. ఫ్లైట్ రికార్డర్లను సుమారు 2,000 మీటర్ల లోతు నుంచి వెలికితీశారు. వాంకూవర్‌లో ఎక్కించిన సూట్‌కేసులో బాంబు ఉందనీ, దాని తాలూకు ప్రయాణికుడు విమానం ఎక్కనే లేదనీ తేలింది. అదే రోజు జపాన్‌లోని నరిటా విమానాశ్రయంలో మరో సూట్‌కేసు పేలి ఇద్దరు సామాను సిబ్బంది చనిపోయారు. అక్కడ దొరికిన రేడియో ట్యూనర్ శకలాలు బాంబు తయారుచేసిన ఇందర్‌జిత్ సింగ్ రేయత్‌ను పట్టించాయి. కెనడా గూఢచారి సంస్థ నిఘా టేపులను చెరిపివేయడం కేసును బలహీనపరిచింది.

తీర్పులు: 2005లో నిందితులు రిపుదమన్ సింగ్ మాలిక్, అజాయబ్ సింగ్ బాగ్రీ నిర్దోషులుగా విడుదలయ్యారు. శిక్ష పడింది రేయత్‌కు మాత్రమే. ప్రభుత్వ సంస్థల వరుస వైఫల్యాలను కెనడా మాజీ న్యాయమూర్తి జాన్ మేజర్ విచారణ సంఘం 2010లో ఎత్తిచూపింది. కెనడా ఏటా జూన్ 23ను ఉగ్రవాద బాధితుల సంస్మరణ దినంగా పాటిస్తోంది.