చెరకు తోటల మధ్య ఒక శుక్రవారం

మార్చి నెల అనగానే మీకేం గుర్తుకొస్తుంది? పిల్లల పరీక్షలు, మామిడి పిందెలు, అటక మీంచి దించిన మట్టి కూజా, అంతే కదా! నాకు మాత్రం వీటన్నిటికంటే ముందు మొలాసిస్ వాసన గుర్తుకొస్తుంది. బోధన్ శక్కర్‌నగర్‌లో పెరిగినవాళ్లకు ఆ వాసన గురించి వేరే చెప్పనక్కర్లేదు. సీజన్ నడిచినన్నాళ్లూ చెరకు బండ్లు బారులు తీరేవి. ఆరేసిన బట్టలకు కూడా ఆ వాసనే. దాంతోపాటు నాకొక శుక్రవారం గుర్తుకొస్తుంది. అది 1996 మార్చి మొదటి శుక్రవారం.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మా పక్కింట్లో ఒక టీచరమ్మ ఉండేవారు. మేం చర్చికి వెళ్లేవాళ్లం కాదు, ఆవిడ మా గుడికి వచ్చేవారు కాదు. అయినా మా అమ్మా ఆవిడా ఒకే రోట్లో పచ్చడి నూరుకునేవారు. ఆ వారం ఆవిడ మా గుమ్మంలో నిలబడి, "బిడ్డా, నీ అట్లాసు జర తీసుకరా. హైతి అంటే యాడుంటదో చూడాలె," అన్నారు.

ఇద్దరం కలిసి వెతికాం. చివరికి క్యూబా పక్కన, చీమ తలకాయంత చోటులో దొరికింది. "గింత దేశానికి మేం ప్రార్థన చేయాల్నా, లేక గా దేశపోళ్లు మాకు చేస్తున్నరా?" అని నవ్వారు టీచరమ్మ. ఆ మాటలో చాలా చరిత్ర ఉందని నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు.

ఆ శుక్రవారం నన్నూ వెంట తీసుకెళ్లారు. ఒక చిన్న హాల్లో చాపల మీద ఆడవాళ్లు కూర్చున్నారు. సీఎస్ఐ వాళ్లు, కేథలిక్కులు, బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్లు అందరూ ఉన్నారు. ఆదివారం నాడు ఎవరి గడప వారిదే. ఒకరి పాట రాగం ఇంకొకరికి రాదు. ఒకరు చప్పట్లు కొడుతుంటే ఇంకొకరు మోకాళ్లూనేవారు. అయినా ఆ పూట అందరి చేతుల్లోనూ ఒకే ప్రార్థన క్రమం. దాన్ని రాసింది హైతి ఆడవాళ్లు.

దీన్ని ప్రపంచ ప్రార్థనా దినం అంటారు. ఏటా ఒక దేశపు స్త్రీలు తమ కష్టసుఖాలు చెప్పుకుంటూ ప్రార్థన క్రమం రాస్తారు. దాన్నే ప్రపంచమంతటా ఎవరి భాషలో వాళ్లు చదువుకుంటారు. పసిఫిక్ ద్వీపాల్లో తెల్లవారగానే మొదలై, పొద్దుతోపాటే ఊరూరా సాగిపోతుంది. సూర్యుడికి తోడుగా ఆడవాళ్ల గొంతు భూమి చుట్టూ తిరిగి వస్తుందన్న మాట!

ఇది ఏ మతపెద్దలో కూర్చుని ఆలోచించింది కాదు. 1887లో అమెరికాలో మేరీ జేమ్స్ అనే ప్రెస్బిటీరియన్ ఇల్లాలు, ఏడుగురు పిల్లల తల్లి, సొంత దేశంలో జరిగే సేవ కోసం ఒక ప్రార్థన దినం పాటిద్దామని పిలుపునిచ్చింది. 1890లో ఇద్దరు బాప్టిస్టు స్త్రీలు విదేశాల కోసం అలాంటి రోజునే కోరారు. వాళ్లు హెలెన్ మాంట్‌గొమరీ, లూసీ పీబడీ. ఈ లూసీ మనకు పరాయిది కాదు సుమండీ! 1881లో భర్త వాటర్‌బరీతో కలిసి మద్రాసు వచ్చి, అక్కడి తెలుగువాళ్ల మధ్య పనిచేసింది. 1886లో భర్త పోయాడు. పసిబిడ్డలతో ఓడెక్కి తిరిగి వెళ్లిపోయింది. పీబడీ అన్నది తర్వాతి పెళ్లితో వచ్చిన ఇంటిపేరు.

తెలుగు నేల మీది స్నేహం ఆమెను వదలలేదు కాబోలు. 1920 ప్రాంతంలో ఆసియాలోని ఏడు మహిళా కాలేజీల కోసం ఆమె చందాలు పోగుచేసింది. మద్రాసు విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ (1915), ఐడా స్కడర్ వెల్లూరులో ఆడపిల్లల కోసం తెరిచిన వైద్య పాఠశాల (1918) ఆ ఏడింటిలోవే. మీరు ఇరవై లక్షల డాలర్లు తెస్తే మేం పది లక్షలిస్తామంది రాక్‌ఫెల్లర్ నిధి. 1923కల్లా తెచ్చి చూపించారు. వెల్లూరులో చదివి వచ్చిన లేడీ డాక్టరు చేతిలో పురుడు పోసుకున్న తల్లుల్లో ఎందరికి తెలుసు, దీని వెనుక ఇన్ని సంఘాల ఆడవాళ్ల చిల్లర డబ్బులున్నాయని?

వేర్వేరుగా నడిచిన ఆ రోజులు రానురాను ఒకటై, 1927లో ప్రపంచ ప్రార్థనా దినం అయ్యాయి. రెండవ వాటికన్ మహాసభ తర్వాత, 1969 నాటికి కేథలిక్ స్త్రీలు కూడా వచ్చి చేరారు. మగవాళ్లు సిద్ధాంతాల దగ్గర ఆగిపోతే, ఆడవాళ్లు వంటింటి దొడ్డిదారిన వచ్చి కలుసుకున్నారని నాకనిపిస్తుంది. మన దక్షిణాదిన 1947 సెప్టెంబరు 27న నాలుగైదు శాఖలు కలిసి దక్షిణ ఇండియా సంఘం అయినప్పుడు, నిజామాబాదు వైపు పనిచేసిన వెస్లియన్ మెథడిస్టులూ అందులో కలిశారు. అయినా బాప్టిస్టులూ, లూథరన్లూ, కేథలిక్కులూ బయటే ఉండిపోయారు. మార్చి శుక్రవారానికి మాత్రం ఆ గోడలు అడ్డు రాలేదు.

ఆడవాళ్లు ప్రార్థన చేసుకుంటే ఏం ఒరుగుతుందని మీరనవచ్చు. నేనూ అనుకున్నాను. ఆ ఉద్యమం వాళ్లు ఒక మాట చెప్పుకుంటారు: తెలుసుకుని ప్రార్థించాలి, ప్రార్థించి పని చేయాలి. నిజామాబాదు జిల్లాలో దీనికి సాక్ష్యం డిచ్‌పల్లిలోనే ఉంది. ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు డాక్టరమ్మ 1907లో పాస్టరైన భర్తతో ఈ దేశం వచ్చింది. కుష్ఠు సోకినవాళ్లను ఊళ్లు వెలివేసే రోజులవి. నర్సాగౌడ్ అనే స్థానిక హిందూ దాత చేయూతతో, 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆస్పత్రి వెలిసింది. వెలివేసిన వాళ్లకు అక్కడ పడకతోపాటు పనీ ఇచ్చారు. 1932లో కన్నుమూసే దాకా ఆమె పని అదే. అక్కడ దాత మతం వేరు, డాక్టరు దేశం వేరు. రోగిని మాత్రం ఎవరూ మీదే మతమని అడగలేదు.

ఇంకొక చిన్న సంగతి చెప్పనివ్వండి. 1956లో శాంతి సాల్మన్ అనే మన దేశపు మహిళ, ఇతర దేశాల స్త్రీలతో కలిసి ఆసియా దేశాలు తిరుగుతోంది. కొరియాకు వీసా ఇవ్వలేదు. మిగతావాళ్లు వెళ్లిపోగా ఆమె మనీలాలో ఆగిపోయింది. ఇంకెవరైనా అయితే అలిగి కూర్చునేవారు. ఆమె మాత్రం, సరిహద్దు దాటలేని మనిషి ఏం పంపగలదని ఆలోచించింది. ప్రార్థన పంపవచ్చు. దాంతోపాటు తన దేశపు నాణేల్లో అన్నిటికంటే చిన్నదాన్ని పక్కన వేయవచ్చు. లక్షాధికారి భార్య వేసినా, కూలితల్లి వేసినా అదే నాణెం. ఎవరూ ఎక్కువ కాదు, ఎవరూ తక్కువ కాదు. కనిష్ఠ నాణెపు సహవాసం అలా పుట్టింది. అన్నం వండేటప్పుడల్లా దేవుడి పేర పిడికెడు బియ్యం తీసి కుండలో వేసే మన పల్లె తల్లులకు ఇది కొత్తగా అనిపించి ఉండదు.

ఇక ఆ శుక్రవారానికి వద్దాం. క్రమంలో హైతి చరిత్ర వచ్చేచోట టీచరమ్మ తన మాటల్లో చెప్పారు. ఫ్రెంచివాళ్లు ఆఫ్రికా నుంచి మనుషుల్ని కొనుక్కొచ్చి అక్కడి చెరకు తోటల్లో బానిసలుగా పెట్టారని, ఐరోపా తాగే తియ్యటి కాఫీ వాళ్ల చెమటేనని, 1791లో తిరగబడి 1804కల్లా స్వతంత్రం తెచ్చుకున్నారని. హాలు నిశ్శబ్దమైంది. వెనక చాప మీదున్న ఒక చెరకు కొట్టే ఆమె తలెత్తి అడిగింది.

"గాళ్లు గూడ మా లెక్కనే చెరుకు గొడ్తరా అమ్మా? టన్నుకు ఎంతిస్తరు?"

ఆ ప్రశ్న ప్రార్థన క్రమంలో లేదు. ఎవరికీ జవాబు తెలియదు. టీచరమ్మ కాసేపు ఆగి, "మరి నీకెంతిస్తరు?" అన్నారు. "మేస్త్రీ ఎంతంటె గంతే. కాటా చీటి మాకు సదవరాదు," అందామె.

ఆ రోజు ఆమెన్‌తో ప్రార్థన ముగిసిందని నేననుకున్నాను. కానీ ఆ తర్వాత వారం నుంచీ టీచరమ్మ వరండాలో సాయంత్రాలు పలకలు కనిపించాయి. అక్షరాలకంటే ముందు అంకెలు. కాటా చీటీ మీది అంకెలు. పలకల దగ్గర కూర్చున్నవాళ్లలో ప్రార్థనకు వచ్చినవాళ్లూ ఉన్నారు, బతుకమ్మ ఆడేవాళ్లూ ఉన్నారు. మా అమ్మ రోజూ ఒక చెంబుడు చాయ్ పంపేది.

కాలం ఆగుతుందా! 1937లో మొదలై, ఆసియాలోకెల్లా పెద్దదని ఒకప్పుడు చెప్పుకున్న నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది, 2015 డిసెంబరులో మూతబడింది. మూడు నెలలకు మార్చి వచ్చింది. ఆ ఏడు ప్రార్థన క్రమం రాసింది క్యూబా ఆడవాళ్లు. వాళ్ల దేశంలోనూ 2002లోనే సగానికి దగ్గరగా చక్కెర మిల్లులు మూసేశారు. టీచరమ్మ ఫోన్ చేశారు. "సూసినవా బిడ్డా, నీ అట్లాసుల హైతి పక్కనున్న దేశమే! మన లెక్కనే వాళ్ల పొగగొట్టాలు గూడ సల్లారినయట."

ఆవిడ గొంతులో ఏడుపు లేదు. సాటి కష్టం దొరికిన మనిషి గొంతు అది. 2013లో నంద్యాలకు చెందిన పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్ అయినప్పుడు కూడా ఇలాగే ఫోన్ చేశారు. అప్పుడు గర్వం, ఇప్పుడు ఓదార్పు.

"మరి ఏం ప్రార్థించారు ఆంటీ, ఫ్యాక్టరీ తెరిపించమనా?" అని అడిగాను.

"అదీ అడిగినం. కూలోళ్ల పిల్లల బడి ఫీజు గురించి గూడ అడిగినం. దేవుణ్ణి అడిగి ఊకోలేదు బిడ్డా, డబ్బా గూడ తిప్పినం," అన్నారు.

ఆ డబ్బాలో ఎంత పడిందో నేనడగలేదు. అందరూ సమానంగానే వేసి ఉంటారు.