నిప్పు ఎక్కడికి పోయింది? (ఖనిలో మూడు తరాల చలి)

రామగుండం అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఎండ. మే నెలలో టీవీలో కింద స్క్రోలింగ్ పోతుంటుంది కదా, "రామగుండంలో 46 డిగ్రీలు" అని, ఆ రామగుండమే. అలాంటి చోట చలి గురించి రాస్తున్నానంటే మా ఆఫీసులో ఢిల్లీ మిత్రులు నవ్వుతారు. కానీ డిసెంబర్, జనవరిల్లో గోదావరి మీంచి గాలి కొడితే పది డిగ్రీల దరిదాపుల్లోకి పోయే రాత్రులు మా గోదావరిఖనికీ ఉన్నాయి. "సంక్రాంతికి చంకలెత్తనంత చలి" అనే సామెత ఊరికే పుట్టలేదు :)

ప్రతి చలికాలం ఇంకో మాట కూడా వినిపిస్తుంది. పాతకాలం వాళ్ళు గట్టివాళ్ళు, చలిని ఓర్చుకున్నారు, మనమే సుకుమారం అయిపోయాం అని. నాకు ఇది సగమే నిజం అనిపిస్తుంది. మా బొగ్గు ఊళ్ళ చరిత్ర చూస్తే తరతరానికీ మారింది ఓర్పు కన్నా ఎక్కువగా నిప్పు ఉండే చోటు. అది ఒక్కో తరానికి ఒక్కో అడుగు మనకి దూరం జరిగింది.

మొదటి తరం సంగతి చూద్దాం. సింగరేణి గనులు 1889లో ఇల్లందు వైపు మొదలైనా, రామగుండం ప్రాంతంలో గనులు తెరుచుకున్నది 1960 ప్రాంతంలో. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి పనికి వచ్చిన మా తాతల దగ్గర చలికి ఉన్న ఆస్తి ఒక గొంగడి. దక్కనీ గొర్రె ఉన్నితో కురుమలు నేసి, చింతగింజల గంజి పెట్టి బిరుసు చేసేవాళ్ళు. కప్పుకుంటే చలికి, నెత్తిన వేసుకుంటే వానకి, పరుచుకుంటే పడకకి. మిగతా పని గుడిసెల ముందు నెగడు చూసుకునేది. మంట ఒకటే, చుట్టూ పది ఇళ్ళ వాళ్ళు.

వీళ్ళ చలికి ఒక విచిత్రం ఉంది. అండర్ గ్రౌండ్ గనిలో చలికాలం ఉండదు! భూమి లోపలికి వెళ్ళేకొద్దీ ప్రతి వంద మీటర్లకీ సుమారు మూడు డిగ్రీలు రాయి వేడెక్కుతుంది. ఫ్యాన్లు లాగే బయటి గాలికి గని నోటి దగ్గర వణుకు పుడుతుంది గానీ, బొగ్గు తీసే చోట ఉక్కపోతే. కోల్ ఫిల్లర్ తట్టా చెమ్మస్‌తో షిఫ్టంతా చెమటలో తడిసి, సెకండ్ షిఫ్ట్ దిగి రాత్రి పదకొండింటికి బయటికి వస్తే అప్పుడు తగిలేది అసలు చలి. గని దగ్గర స్నానాల గదులు ఉండాలని పిట్ హెడ్ బాత్ రూల్స్ (1959) పెట్టింది మసి కోసమే అనుకుంటాం గానీ, తడి బట్టలతో చలిగాలిలో ఇంటికి నడవడం ఎంత కష్టమో ఆలోచిస్తే వాటి విలువ ఇంకా తెలుస్తుంది.

రెండో తరం, అంటే మా బాపు తరం. కంపెనీ క్వార్టర్లు వచ్చాయి, ఇంటి వాడకానికి బొగ్గు వచ్చింది. దాంతో నిప్పు వీధిలోంచి వాకిట్లోకి జరిగింది. ఇంటింటికీ ఒక బొగ్గు పొయ్యి, దాని మీద షిఫ్ట్ నుంచి వచ్చేవాళ్ళ కోసం ఉడుకు నీళ్ళు. సాయంత్రం అందరూ ఒకేసారి ముట్టించేసరికి కాలనీ మీద పొగ దుప్పటి పరుచుకునేది. చలికాలం నేల దగ్గర గాలి చల్లగా, పైన గాలి వెచ్చగా ఉంటుంది కాబట్టి పొగ పైకి లేవదు. 1952 డిసెంబర్‌లో లండన్‌లో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. ఇళ్ళలో కాల్చిన బొగ్గు పొగ, ఫ్యాక్టరీల పొగ కలిసి ఐదు రోజులు ఊరిని కప్పేస్తే వేలమంది చనిపోయారు. 1956లో అక్కడ క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది. మన దగ్గర ఇళ్ళలో బొగ్గు పొగ తగ్గింది చట్టం వల్ల కన్నా గ్యాస్ సిలిండర్ వల్ల. 1999లో వచ్చిన దీపం పథకం చాలా ఇళ్ళకి ఆ సిలిండర్‌ని చేర్చింది.

కాబట్టి ఆ రోజులే బంగారం అని నేను అనను. ఆ పొగ పీల్చింది ఎక్కువగా మా అమ్మలూ నాయనమ్మలూ. కానీ వాళ్ళకి ఒకటి తెలుసు. పొయ్యిని వాకిట్లో ముట్టించాలి, కుంపటి పక్కన తలుపులు బిగించి పడుకోకూడదు. పొగ పోయి ఎర్రగా కణకణలాడే బొగ్గు చూడ్డానికి బాగుంటుంది గానీ, కార్బన్ మోనాక్సైడ్ ఇస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఒకప్పుడు బ్రిటన్ గనుల్లోకి కానరీ పిట్టల్ని తీసుకెళ్ళింది ఈ గ్యాస్ కోసమే. గని పని చేసే ఇంట్లో ఈ భయం మామూలు విషయం.

ఇక మూడో తరం, మనం. 1983లో రామగుండం ఎన్టీపీసీలో మొదటి యూనిట్ మొదలయ్యాక నిప్పు వాకిలి దాటి చిమ్నీ కిందకి వెళ్ళిపోయింది. ఇప్పుడు మనకి చలి అంటే ఒక స్విచ్. చిన్న లెక్క: 25 లీటర్ల గీజర్ నీళ్ళని 35 డిగ్రీలు వేడెక్కించడానికి దగ్గర దగ్గర ఒక యూనిట్ కరెంట్. ఒక యూనిట్‌కి పవర్ ప్లాంట్‌లో కాలేది సుమారు ఆరేడు వందల గ్రాముల బొగ్గు. అంటే హైదరాబాద్ ఫ్లాట్‌లో స్నానం చేస్తున్నా, మన నీళ్ళు కాగేది ఇంకా బొగ్గు పొయ్యి మీదే. కాకపోతే ఆ పొయ్యి కనపడదు.

కనపడకపోవడం వల్ల రెండు నష్టాలు. ఒకటి, ఆ బొగ్గు కోసం చలిలో నిలబడే మనిషి కూడా కనపడడు. సింగరేణిలో 1975లో ఓపెన్ కాస్ట్ మొదలైంది, ఇప్పుడు బొగ్గులో అత్యధిక భాగం దానిదే. అండర్ గ్రౌండ్‌లో లేని చలికాలం ఓపెన్ కాస్ట్‌లో పూర్తిగా ఉంది. పైకప్పు లేని గోతి, మంచు, దుమ్ము, నైట్ షిఫ్ట్. మట్టి తీసే పని చాలావరకు కంట్రాక్టు కార్మికులది. ఏసీ క్యాబిన్‌లో కూర్చునేవాళ్ళ సంగతి వేరు. బయట నిలబడి చేసే పనికి మఫ్లరూ, మంకీ క్యాపూ, దొరికిన కట్టెలతో వేసుకున్న మంటే దిక్కు. తాతల నాటి నెగడు ఎక్కడికీ పోలేదన్నమాట, మనం చూడని చోట ఉంది.

రెండోది, నిప్పు గురించిన ఆ తెలివి మన దాకా రాలేదు. మూసిన గదిలో బొగ్గులు పెట్టుకుని పడుకుని, కిటికీ లేని బాత్రూములో గ్యాస్ గీజర్ పెట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు ప్రతి చలికాలం వస్తున్నాయి. అందులో చదువుకున్నవాళ్ళూ ఉంటున్నారు.

అందుకే ఈ చలికాలం ఒక పని చేయండి. మీ బాత్రూములో గ్యాస్ గీజర్ ఉంటే బయట గాలి ఆడే చోటికి మార్పించండి. అద్దె ఇల్లయితే ఓనర్‌తో గొడవపడైనా సరే. మా నాయనమ్మ బడికి పోలేదు గానీ, ఆ గీజర్‌ని చూస్తే "పొయ్యి లోపట పెట్టిండ్రేందిరా?" అని అడిగేది.